ఖాళీ అయిన స్థానము

(పళనిలో జరిగిన మన పాఠశాల ప్లాటినం జూబిలీ సభలో ఒక పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగ పాఠము)



ఏ బడిలో ఓనమాలు దిద్దితినో ఆ బడి డెబ్బది యైదేండ్ల పండుగలో నాలుగు మాటలు చెప్పుమని నిర్వాహకులు నన్ను ఆజ్ఞాపించిరి. నేను పండితుడను గాను, వక్తను గాను. పౌరశాస్త్రమునకు సంబంధించిన విషయమేదైనను ఎన్నుకొనినచో పిల్లలకును పెద్దలకును ఉపకరించునని వారు సూచించిరి. అందుచేత ఉప ఎన్నికను గూర్చి మాటలాడదలచితిని. పండుగనాడు ఎన్నికల మాట ఏల యని కొందఱకు తోచవచ్చును. నేను ఏ పక్షము తరఫునను వచ్చినవాడను గాను. ఖాళీ అయిన స్థానమును ఎట్లు నింపుకొనవలెనను ప్రశ్న శాసనసభకు ఎంత ముఖ్యమో మన బడికిని అంత ముఖ్యమని నా నమ్మకము. ఆ సంబంధమును చివర విన్నవింతును.

మన దేశపు ఎన్నికల సంఘము 1950 జనవరి 25న ఏర్పడెను. 2025లో దానికిని 75 ఏండ్లు నిండినవి. మన బడియు, మన ఓటు హక్కును ఒకే తరమున పుట్టిన తోబుట్టువులని చెప్పవచ్చును.

ముందుగా మాట అర్థమును చూతము. మన పళని వీధులలో దీనిని ‘ఇడైత్తేర్దల్’ అందురు. ‘ఇడై’ యనగా నడుమ. రెండు సాధారణ ఎన్నికల నడుమ వచ్చునది గావున తమిళమున ఆ పేరు వచ్చెను. తెలుగులో మనము ఉప ఎన్నిక యందుము. దీనిని మధ్యంతర ఎన్నికతో కలగలుపరాదు. గడువు తీరకమునుపే సభ మొత్తము రద్దయి జరుగునది మధ్యంతర ఎన్నిక. సభ నిలిచియుండగా ఒక స్థానమో కొన్ని స్థానములో ఖాళీయై, అంతమట్టునకే జరుగునది ఉప ఎన్నిక. అందు గెలిచినవారికి ఐదేండ్లు పూర్తిగా దొరకవు. ఆ సభకు మిగిలిన కాలమే వారి పదవీకాలము.

స్థానము ఖాళీ యగుటకు కారణములు పలు విధములు. సభ్యుడు మరణింపవచ్చును. రాజీనామా చేయవచ్చును. రెండు స్థానములలో గెలిచి ఒకదానిని వదలుకొనవచ్చును. న్యాయస్థానము అతని ఎన్నికను కొట్టివేయవచ్చును. 1985లో 52వ సవరణచే రాజ్యాంగమున చేరిన పదవ షెడ్యూలు ప్రకారము పార్టీ ఫిరాయించినవాడు అనర్హుడు కావచ్చును. సభ అనుమతి లేక 60 దినములు సమావేశములకు రాకున్నను ఆ స్థానము ఖాళీయైనట్లు సభ ప్రకటింపవచ్చును. బడికి రాని విద్యార్థి పేరు హాజరు పట్టీనుండి కొట్టివేసినట్లే యిదియును.

ఖాళీ ఎంతకాలముండవచ్చును? 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టమునకు 1996లో 151ఎ సెక్షను చేర్చబడినది. దాని ప్రకారము, ఖాళీ ఏర్పడిన నాటినుండి ఆఱు నెలలలోగా ఉప ఎన్నిక జరిపి తీరవలెను. మినహాయింపులు రెండే. ఆ సభ్యునికి మిగిలిన పదవీకాలము ఒక యేడాదికంటె తక్కువయైనప్పుడు, లేక ఆ గడువులోపల ఎన్నిక జరుపుట కష్టమని ఎన్నికల సంఘము కేంద్ర ప్రభుత్వముతో సంప్రదించి ధ్రువపఱచినప్పుడు. ఒక ప్రాంతపు ప్రజలు తమ పక్షమున మాటలాడువాడు లేక ఆఱు నెలలకు మించి యుండరాదన్నది దీని సారాంశము. ఈ ఆఱు నెలల గడువును దయచేసి జ్ఞాపకముంచుకొనుడు. దీనితో నాకు ముందు పని కలదు.

ఇక నా కన్నులతో చూచిన ఉప ఎన్నికను గూర్చి చెప్పుదును. అది 1973వ సంవత్సరము. అప్పటికి దిండిగల్ జిల్లా ఏర్పడలేదు. 1985 వఱకును మనము మదురై జిల్లాలోనివారమే. నేను ఈ బడిలో ఎనిమిదవ తరగతి ముగించి, వేసవి సెలవులకు దిండిగల్‌లోని మా మేనమామగారింటికి పోయితిని. అక్కడి లోక్‌సభ సభ్యులు ఎం. రాజాంగం గారు మరణించుటచే ఆ స్థానమునకు ఉప ఎన్నిక వచ్చెను. 1972 అక్టోబరులో ఎం.జి. రామచంద్రన్ గారు ద్రావిడ మున్నేట్ర కళగమునుండి తొలగింపబడి, అన్నాదురై గారి పేర క్రొత్త పక్షమును స్థాపించియుండిరి. పుట్టి ఏడు నెలలైన ఆ పక్షమునకు ఇదే మొదటి పరీక్ష. న్యాయవాది కె. మాయ తేవర్ గారు దాని అభ్యర్థి. వారికి దొరకిన గుర్తు రెండాకులు. ఆ గుర్తు ఆ పక్షము పేర ఓటర్ల ముందుకు వచ్చినది ఆ యెన్నికలోనే.

ఊరిలో గోడ యన్నది కనబడినచో దానిపై ఏదో యొక గుర్తు కనబడుచుండెను. పోలింగునకు తొమ్మిది దినముల ముందు, మే 11న, రామచంద్రన్ గారు నటించి దర్శకత్వము వహించిన ‘ఉలగం సుట్రుం వాలిబన్’ చిత్రము విడుదలయ్యెను. సినిమా కొట్టాయి ముందు జనమెంతో, ఎన్నికల సభల ముందును అంత. మే 20న ఓట్లు పడెను. మాయ తేవర్ గారు లక్షకు మించిన ఆధిక్యతతో గెలుపొందిరి. రెండవ స్థానము పాత కాంగ్రెసునకు పోయెను. రాష్ట్రమును పాలించుచుండిన పక్షమునకు మూడవ స్థానమే దక్కెను.

పిల్లలు ఇక్కడ ఒక విషయమును గమనింపవలెను. ఆ ఒక్క స్థానముచేత మద్రాసులో ప్రభుత్వము మారలేదు. ఢిల్లీలో అంతకన్న మారలేదు. కాని జనుల మనస్సులో ఏమున్నదో ఆనాడు అందఱకును తెలిసిపోయెను. మరుసటి యేడు, 1974లో, కోయంబత్తూరు లోక్‌సభ ఉప ఎన్నికలో కమ్యూనిస్టు నాయకురాలు పార్వతీ కృష్ణన్ గారు అదే పక్షము తోడ్పాటుతో గెలిచిరి. 1977లో రామచంద్రన్ గారు ముఖ్యమంత్రి యయిరి. సాధారణ ఎన్నికలో మనము ప్రభుత్వమును ఎన్నుకొందుము. ఉప ఎన్నికలో సామాన్యముగా ప్రభుత్వము మారదు. ఓటరు ఒక మాట చెప్పును, అంతే. ఆ మాట నిజమైనదైనచో దానికి విలువ కలదు.

అదే ఎన్నికలో మా యింట జరిగిన సంగతి యొకటి ఈనాటికిని నా మనస్సున నిలిచియున్నది. ఒకనాటి సాయంత్రము కొందఱు ఓట్లడుగుటకు మా వీధికి వచ్చిరి. ఏ పక్షమువారో చెప్పను. చెప్పవలసిన పనియు లేదు. మాది తెలుగిల్లని యెవరో చెప్పియుందురు, వారు తమలో తెలుగు వచ్చినవానిని ముందు నిలిపిరి. ఆయన అరుగుపై కూర్చున్న మా అమ్మమ్మకు నమస్కరించి, చక్కని తెలుగులో కుశలమడిగెను. మా అమ్మమ్మకు చదువు రాదు. ఆమె చాల సంతోషించి, మజ్జిగ ఇప్పించి, పిమ్మట ఇట్లడిగెను: “ఓటు వేస్తాము నాయనా. పళనిలో మా మనుమడు చదివే బళ్ళో తెలుగు అయ్యవారు లేక ఏడాదయింది. ఎప్పుడు వస్తారు?”

ఆయన నవ్వి, “ఎన్నిక కానీ అవ్వా, వెంటనే” అనెను. ఎన్నిక అయ్యెను. అయ్యవారు రాలేదు. ఆ తరువాత మన బడి పెద్దలు అర్జీమీద అర్జీ పెట్టి, మదురైకి పలుమార్లు తిరిగి, ఎట్టకేలకు ఒక అయ్యవారిని తెచ్చుకొనిరి. అప్పటికి నేను పదవ తరగతికి వచ్చితిని. నా తెలుగు వ్యాకరణములో ఈనాటికిని లోపములున్నచో, అవి ఆ ఖాళీ కుర్చీ వలన కలిగినవే.

మా అమ్మమ్మ ప్రశ్నలో దోషము లేదు. అది ఓటరు అడుగవలసిన ప్రశ్నయే. కాని ఆమె ఒక్కతియే అడిగినది; ఒక్కసారియే అడిగినది. అడిగిన దానిని వ్రాతలో పెట్టినవారు లేరు. గెలిచినవారి గడపకు పోయి, మీవారు ఇట్లు చెప్పిరి గదా యని జ్ఞాపకము చేసినవారును లేరు.

ఇక మన భాషవారి చరిత్రలో మిక్కిలి ప్రసిద్ధమైన ఉప ఎన్నికను స్మరింతము. 1991 జూన్ 21న పి.వి. నరసింహారావు గారు భారత ప్రధానులైరి. ఆ పదవిని అధిష్ఠించిన మొదటి తెలుగువారు వారే. అప్పటికి వారు పార్లమెంటు ఉభయ సభలలో దేనియందును సభ్యులు గారు. మంత్రియైనవాడు ఆఱు నెలలలోగా ఏదో యొక సభలో సభ్యుడు కాకున్న పదవి వదలవలెనని రాజ్యాంగము 75వ అధికరణము చెప్పుచున్నది. ప్రధానికిని ఈ నియమము తప్పదు. నాటి కర్నూలు జిల్లా నంద్యాలలో గంగుల ప్రతాపరెడ్డి గారు రాజీనామా చేయగా, 1991 నవంబరులో అక్కడ ఉప ఎన్నిక జరిగెను. ఎన్.టి. రామారావు గారి తెలుగుదేశము పక్షము తన అభ్యర్థిని నిలుపలేదు. తెలుగువాడు ప్రధాని యయినప్పుడు పోటీ పెట్టరాదని వారు తలంచిరి. అయినను ఎన్నిక ఏకగ్రీవము కాలేదు. భారతీయ జనతా పార్టీ తరఫున బంగారు లక్ష్మణ్ గారు పోటీ చేసిరి. నరసింహారావు గారు 5 లక్షల 80 వేలకు మించిన ఆధిక్యతతో గెలిచిరి.

ఇందు నాకు రెండు విషయములు మెచ్చదగినవిగా తోచుచున్నవి. దేశమునేలు ప్రధాని యైనను ఒక నియోజకవర్గపు రైతు ముందు చేతులు జోడించి ఓటడుగవలసినదే. ఇది మొదటిది. రాజకీయముగ ఎదురుపడినవారు సైతము ఒక సమయమున భాషాభిమానముతో ప్రక్కకు తొలగిరి. ఇది రెండవది. అట్లని పోటీ చేసినవారిది తప్పనుటకు వీలులేదు. పోటీ యున్నప్పుడే ఓటరుకు ఎన్నుకొను అవకాశముండును.

ఉప ఎన్నికలలో ప్రభుత్వము మారదని యంటిని. దీనికి మినహాయింపు మన జిల్లాకే సంబంధించినది. 2017 సెప్టెంబరు 18న తమిళనాడు శాసనసభలో 18 మంది సభ్యులు అనర్హులుగా ప్రకటింపబడిరి. మన దిండిగల్ జిల్లాలోని నిలక్కోట్టై సభ్యులును, మన పొరుగుననున్న అరవకురిచ్చి సభ్యులును అందులోనివారే. విషయము న్యాయస్థానమునకు పోయెను. 2018 అక్టోబరు 25న మద్రాసు ఉన్నత న్యాయస్థానము ఆ నిర్ణయమును సమర్థించెను. 2019 ఏప్రిల్ 18న నిలక్కోట్టైలో ఉప ఎన్నిక జరిగెను. అరవకురిచ్చికి మే 19 దాక ఆగవలసివచ్చెను. ఆ ఏప్రిల్, మే మాసములలో మొత్తము 22 స్థానములకు ఉప ఎన్నికలు జరిగెను. నాటి ప్రభుత్వము నిలుచునా పడునా యన్నది ఆ ఫలితములపై ఆధారపడియుండెను. పాలక పక్షమునకు 9, ప్రతిపక్షమునకు 13 స్థానములు వచ్చెను, ప్రభుత్వము నిలిచెను. కాని లెక్క చూడుడు. నిలక్కోట్టై ప్రజలు పందొమ్మిది మాసములు సభ్యుడు లేకయే గడపిరి. ఆ కాలమున వారి ఊరి నీటి కష్టమును సభలో లేవనెత్తుటకు వారెన్నుకొన్న మనిషి లేడు.

ఇప్పుడు చెప్పక తప్పని చేదు మాట యొకటి. ఉప ఎన్నిక చిన్నది. ఒక్క నియోజకవర్గమునకు రాష్ట్రములోని పెద్దలందఱును తరలివత్తురు. వారితో ధనమును తరలివచ్చును. 2009 జనవరిలో మదురై ప్రక్కన తిరుమంగళములో జరిగిన ఉప ఎన్నిక తరువాత, ఓటుకు డబ్బు పంచు పద్ధతికి పత్రికలు ఆ ఊరి పేరే పెట్టెను. ఒక మంచి ఊరికి కలిగిన దురదృష్టమది. 2016 మే నెలలో, సాధారణ ఎన్నికలోనే, అరవకురిచ్చి, తంజావూరు స్థానములలో ధనము విచ్చలవిడిగా పంచబడినదని ఎన్నికల సంఘము అక్కడి ఎన్నికలను రద్దుచేసెను. నవంబరు 19న తిరిగి జరిగెను. 2017 ఏప్రిల్‌లో చెన్నై ఆర్.కె. నగర్ ఉప ఎన్నికయు ఇదే కారణముచే పోలింగునకు కొద్ది దినముల ముందు రద్దయ్యెను. జయలలిత గారు 2016 డిసెంబరు 5న మరణించుటచే ఖాళీయైన ఆ స్థానము 2017 డిసెంబరు 21న జరిగిన పోలింగుతో గాని నిండలేదు. ఒక్క యేడాదికి మించి ఆ ప్రజలకు ప్రతినిధి లేడు.

ఓటుకు డబ్బిచ్చుట నేరము. పుచ్చుకొనుటయు నేరమే. ఈ సంగతి మనకందఱకును తెలియును. కాని డబ్బు పుచ్చుకొనిన వానికి కలుగు అసలు నష్టము చట్టములో వ్రాయబడలేదు. డబ్బు పుచ్చుకొనినవాడు ప్రశ్న అడుగలేడు. “అవ్వా, నీకు ఇవ్వవలసినది ఇచ్చితిమి గదా” యన్నచో మా అమ్మమ్మ ఏమి బదులు చెప్పగలదు? ఆమె మజ్జిగ ఇచ్చినది గాని ఏమియు పుచ్చుకొనలేదు. కనుకనే ఆనాడు ఆమె కంఠము అంత ధైర్యముగ పలికినది.

అమ్మలారా, అయ్యలారా, ఇప్పుడు మన బడికి వత్తును.

శాసనసభలో ఒక కుర్చీ ఖాళీయైనచో ఆఱు నెలల గడువున్నది. దానిని కనిపెట్టియుండుటకు ఎన్నికల సంఘమున్నది. మన తరగతిగదిలో తెలుగు అయ్యవారి కుర్చీ ఖాళీయైనచో దానిని కనిపెట్టవలసినవారెవరు? మనమే. రాజ్యాంగము మనలను మఱవలేదు. భాషాపరముగ అల్పసంఖ్యాకులైన పిల్లలకు ప్రాథమిక విద్య మాతృభాషలో లభించునట్లు ప్రతి రాష్ట్రమును తగిన వసతులు కల్పించుటకు యత్నింపవలెనని 350ఎ అధికరణము చెప్పుచున్నది. 1956లో, భాషా ప్రాతిపదికపై రాష్ట్రములు ఏర్పడిన వేళ, మనవంటి వారిని తలచియే దానిని చేర్చిరి. కాని కాగితముపైనున్న హక్కు అడుగువారు లేనిచో కాగితముపైననే యుండును.

ఇంకొక ఖాళీయు కలదు. అది మఱింత బాధాకరమైనది. మా కాలమున ఒక్కొక్క బెంచీపై ఐదుగురము ఒదిగి కూర్చుండెడివారము. ఇప్పుడు కొన్ని బెంచీలు ఖాళీగనున్నవి. వాటిని ఏ ప్రభుత్వమును నింపజాలదు. ఇంట తెలుగు మాటలాడుచునే పిల్లవానిని వేఱు బడికి పంపు తల్లిదండ్రులను నేను నిందింపను. వారి భయము నాకు తెలియును. పిల్లవాడు వెనుకబడునేమో యన్న భయమది. కాని ఈ సభలో చూడుడు. ఇక్కడ చదివి వైద్యులైనవారు, వ్యాపారులైనవారు, ఉపాధ్యాయులైనవారు కూర్చునియున్నారు. వారెవరును తెలుగు వలన వెనుకబడలేదు. తమిళమును, ఆంగ్లమును వారు చక్కగా నేర్చిరి. మాతృభాషలో గట్టిపడిన పునాదిపై నేర్చిరి.

కావున పూర్వ విద్యార్థుల పక్షమున మూడు నియమములను మీ ముందుంచుచున్నాను. వీటిపై మీరందఱును ఆలోచింపవలెను.

మొదటిది. మన బడిలో ఏ ఉపాధ్యాయుని స్థానము ఖాళీయైనను ఆ దినమును ఒక పుస్తకములో వ్రాసికొందము. ఆఱు నెలలలోగా అది నిండవలెనని మనకు మనమే గడువు పెట్టుకొందము. నెలకొకసారి అర్జీ పోవలెను. అంతవఱకు విశ్రాంత ఉపాధ్యాయులలో ఒకరు వచ్చి పాఠము చెప్పవలెను.

రెండవది. సాధారణ ఎన్నికయైనను, ఉప ఎన్నికయైనను, ఓటడుగుటకు మన వీధికి వచ్చిన ప్రతి అభ్యర్థికిని మన బడి అవసరములను వ్రాసియిత్తము. అన్ని పక్షములకును ఒకే కాగితము. వారినుండి మనము ఏమియు పుచ్చుకొనరాదు. గెలిచినవారి యింటికి ఆ కాగితపు నకలుతో పోవుదము. మా అమ్మమ్మ ఒక్కతియై అడిగినదానిని మనము పదిమందిమై అడుగుదము.

మూడవది. ఈ సభకు వచ్చిన ప్రతి పూర్వ విద్యార్థియు తన యింటనుండియో తన బంధువుల యింటనుండియో ఒక్క పిల్లవానిని ఈ బడికి తీసికొనిరావలెను. మన చేతిలోనున్న ఓటు ఇదియే. ఇది ఐదేండ్లకొకసారి గాక ప్రతి జూన్ నెలలోను వేయవలసినది.

2009 ఎన్నికనుండి పళని ఆ దిండిగల్ లోక్‌సభ నియోజకవర్గములోనే చేరియున్నది. 1973లో మా అమ్మమ్మ ఓటు వేసిన స్థానము ఈనాడు మన స్థానమే. ఆమె అడిగిన ప్రశ్నయు మనకు వారసత్వముగ వచ్చినదనుకొందును. దానికి బదులు రాబట్టు బాధ్యత మనది.

నూఱేండ్ల పండుగ నాటికి నేనుందునో లేదో. ఆనాడు ఈ వేదికపై నిలుచు పూర్వ విద్యార్థి తెలుగులో మాటలాడవలెననియు, ఎదుట ఒక్క బెంచీయు ఖాళీగ నుండరాదనియు కొండపై వెలసిన దండాయుధపాణిని ప్రార్థించుచున్నాను.